మజ్జలోని వ్రాత

రక్త క్యాన్సరు రోగికి మూలకణాలు మార్పిడి చేయకముందే ఫలితాన్ని చెప్పడం సాధ్యమా? జన్యువులు చెప్పగలిగేదెంత, చెప్పలేనిదెంత?

భద్రాచలం నుంచి గోదావరి గట్టు వెంట ఎగువకు ప్రయాణిస్తే దుమ్ముగూడెం దాటిన తరువాత చర్ల వస్తుంది. చర్ల దాటి అడవిలోకి సాగితే తెలంగాణ ముగిసి చత్తీస్‌గఢ్ మొదలవుతుంది. అక్కడ, బస్తర్ ప్రాంతానికి దక్షిణపు అంచున, బీజాపూర్ జిల్లాలో ఉన్న ఊరు పామేడు. పరిపాలన దృష్ట్యా ఆ ఊరు ఒక రాష్ట్రానిది. సంతకు, ఆసుపత్రికి మాత్రం అక్కడి జనం ఎన్నో ఏళ్లుగా రెండవ రాష్ట్రానికి నడచి వచ్చారు. కోయ, దొర్ల భాషల నడుమ తెలుగు కూడా అక్కడ బ్రతుకు తెరువు భాషే.

అటువంటి ఊరి నుంచి ఒక తండ్రి పదహారేళ్ల కొడుకును వెంటబెట్టుకొని బయలుదేరాడనుకుందాం. పిల్లవానికి నెల రోజులుగా జ్వరం తగ్గడం లేదు. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నది. ముఖం పాలిపోయింది. చర్లలో చూపించారు; భద్రాచలం వెళ్లమన్నారు. భద్రాచలంలో రక్తపరీక్ష చేసి హైదరాబాదు వెళ్లమన్నారు. అక్కడ ఎముక నుంచి సూదితో మజ్జ తీసి పరీక్షించి డాక్టరుగారు చెప్పారు: ఇది తీవ్రమైన లుకీమియా, అంటే రక్త క్యాన్సరు. ముందు మందులతో జబ్బును అణచాలి. తరువాత అవసరమైతే మరొకరి మూలకణాలను ఎక్కించాలి.

తండ్రి అంతా విన్నాడు. మూలకణాలంటే ఏమిటో అడగలేదు. ఖర్చు ఎంతని కూడా వెంటనే అడగలేదు. ఒకే మాట అడిగాడు: "పిల్లగాడు బతుకుతడా, సారూ?"

ఈ సన్నివేశం ఊహించుకొన్నదే. కాని ఆ ప్రశ్న ఊహ కాదు. లుకీమియా పేరు విన్న ప్రతి ఇంటిలోనూ పుట్టే మొదటి ప్రశ్న అదే. గత అరవై ఏళ్లుగా ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలలు సమాధానం వెదుకుతున్నదీ దానికే. మన పెద్దలు నొసటి వ్రాత అన్నారు. నేటి శాస్త్రజ్ఞుడు మజ్జలోని వ్రాతను చదవాలని చూస్తున్నాడు. ఆ చదువు ఎంతవరకు వచ్చింది?

భీమవరం బిడ్డ తెరిచిన తలుపు

ఈ కథలో మొదటి పుటలోనే ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించారు. చిన్న వయసులోనే ఇద్దరు సోదరులను స్ప్రూ అనే వ్యాధికి పోగొట్టుకున్నారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డులో ఎన్నో ఏళ్లు జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేశారు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తకణాలు పెరగడానికి అత్యవసరమైన విటమిను అది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు ఒక ఆలోచన వచ్చింది. మంచి కణం పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలంటే, జబ్బు కణానికీ అదే కావాలి కదా. ఆ ఆహారానికి అడ్డుపడే పదార్థం ఏదైనా ఉంటే? సుబ్బారావు బృందం అటువంటి పదార్థాలను తయారుచేసి ఇచ్చింది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన నివేదికలో 16 మంది పిల్లల వివరాలున్నాయి. వారిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనుకంజ వేసింది. అంతకు ముందు ఏ మందుకూ లొంగని లుకీమియా మొదటిసారి ఒక అడుగు వెనక్కి తగ్గింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశారు.

ఆ 10 మందికి జబ్బు మళ్లీ వచ్చింది. అందుకే ఫార్బర్ తన వ్యాస శీర్షికలోనే ఆ ఉపశమనం తాత్కాలికమని వ్రాసుకొన్నారు. ఎవరికి మందు పని చేస్తుంది, ఎవరికి చేయదు, పనిచేసిన వారిలో ఎవరికి జబ్బు తిరిగి వస్తుంది? ఈ ప్రశ్నలు ఆనాడే పుట్టాయి. సమాధానం చెప్పడానికి కావలసిన జన్యువిజ్ఞానం మాత్రం అప్పటికింకా కన్ను తెరవలేదు.

మజ్జను మార్చడమంటే

మన ఎముకల లోపలి మజ్జలో మూలకణాలుంటాయి. వాటిని రక్తానికి విత్తనాలనవచ్చు. ఎర్రకణాలు, తెల్లకణాలు, రక్తాన్ని గడ్డకట్టించే ఫలకికలు, అన్నీ వాటినుంచే పుడతాయి. లుకీమియాలో ఈ వంశంలోని ఒక కణం అదుపు తప్పి, పనికిరాని పిల్లకణాలను లెక్కకు మించి కంటుంది. పొలంలో తుంగ పెరిగినట్లు అవి మజ్జనంతా ఆక్రమిస్తాయి.

మార్పిడిలో ముందుగా రోగి మజ్జను తీవ్రమైన మందులతోనో, కిరణాలతోనో ఖాళీ చేస్తారు. తరువాత దాత మూలకణాలను రక్తం ఎక్కించినట్లే నరంలోకి ఎక్కిస్తారు. శస్త్రచికిత్స ఏమీ ఉండదు. ఆ కణాలు తమ దారి తామే వెదుక్కొని ఎముకలలోకి చేరతాయి. రెండు నుంచి నాలుగు వారాలలో కొత్త రక్తం పుట్టడం మొదలవుతుంది.

1956లో అమెరికాలో డాక్టర్ డానల్ థామస్ లుకీమియా రోగికి కవల తోబుట్టువు మజ్జను ఎక్కించి ఈ మార్గాన్ని ప్రారంభించారు. 1990లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో మొదటి మార్పిడి 1983 మార్చిలో బొంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో జరిగింది. 1986లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆ పని చేపట్టింది. నేడు హైదరాబాదులో కూడా ఈ చికిత్స లభిస్తున్నది.

మార్పిడి తరువాత రోగికి రెండు వైపుల నుంచి అపాయం పొంచి ఉంటుంది. ఒకటి, పాత జబ్బు తిరిగి రావడం. రెండు, చికిత్స వల్లనే కలిగే కీడు: అంటువ్యాధులు, మందుల తీవ్రత, అన్నిటినీ మించి దాతకణాల దాడి. దాత నుంచి వచ్చిన తెల్లకణాలు రోగి చర్మాన్ని, పేగులను, కాలేయాన్ని పరాయివిగా భావించి వాటిమీద విరుచుకుపడతాయి. ఆశ్రయం పొందిన అతిథి గృహస్థుమీద తిరగబడడం వంటిది ఇది. ఈ దాడిని అణచడానికి దశాబ్దాలుగా వాడుతున్న మందులలో మెథోట్రెక్సేట్ ముఖ్యమైనది. సుబ్బారావు బృందపు ఫోలిక్ ఆమ్ల విరోధుల కుటుంబానికే అది చెందింది. దానిని సైక్లోస్పోరిన్‌తో కలిపి ఇస్తే దాడి బాగా తగ్గుతుందని 1986లో వెలువడిన సియాటిల్ పరిశోధన నిరూపించింది. భీమవరం నుంచి బయలుదేరిన దారి ఇక్కడికి కూడా చేరింది.

ఫలితాన్ని ముందుగా చెప్పడమంటే ఈ రెండు అపాయాలనూ తూకం వేయడమే. అందుకు చదవవలసిన వ్రాతలు మూడున్నాయి: జబ్బు కణంలోనిది, రోగికీ దాతకూ నడుమనున్నది, రోగి పుట్టుకతో తెచ్చుకున్నది.

మొదటి వ్రాత: జబ్బు కణంలోనిది

1960లో ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీర్ఘకాలిక లుకీమియా రోగుల కణాలలో ఒక క్రోమోజోము అసాధారణంగా పొట్టిగా ఉండడం గమనించారు. దానికి ఆ నగరం పేరే పెట్టారు. 1973లో షికాగోలో జానెట్ రౌలీ దాని రహస్యం విప్పారు. 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము తెగి, తమ ముక్కలను ఒకదానితో ఒకటి మార్చుకొన్నాయి. క్యాన్సరు కణాలలో ఒక నిర్దిష్టమైన జన్యుదోషం ఉంటుందనడానికి అది బలమైన సాక్ష్యం.

ఆనాటి నుంచి నేటివరకు ఈ దోషాల జాబితా పెరుగుతూనే ఉన్నది. తీవ్రమైన మైలాయిడ్ లుకీమియానే తీసుకుందాం. 8, 21 క్రోమోజోములు ముక్కలు మార్చుకున్న జబ్బు మందులకు బాగా లొంగుతుంది. ఎన్‌పీఎం1 అనే జన్యువులో మార్పు ఉండి, ఎఫ్‌ఎల్‌టీ3 జన్యువు మామూలుగా ఉంటే అదీ శుభసూచనే. టీపీ53 అనే కాపలా జన్యువు చెడిపోయినా, 7వ క్రోమోజోములలో ఒకటి లోపించినా, క్రోమోజోములు పలుచోట్ల చిందరవందర అయినా జబ్బు మొండిదని అర్థం. యూరోపియన్ లుకీమియా నెట్ అనే నిపుణుల సంస్థ ఈ లక్షణాలను బట్టి రోగులను అనుకూల, మధ్యస్థ, ప్రతికూల వర్గాలుగా విభజించింది. 2010లో వెలువడిన ఆ పట్టికను 2017లోనూ, 2022లోనూ సవరించారు.

ఈ పట్టిక వలన మొదటి ప్రయోజనం, మార్పిడి ఎవరికి అనవసరమో తెలియడం. అనుకూల వర్గంలో ఉండి మందులకు జబ్బు పూర్తిగా అణగిన రోగికి సాధారణంగా వెంటనే మార్పిడి చేయరు. చికిత్స వలన కలిగే అపాయం జబ్బు వలన కలిగే అపాయం కంటె ఎక్కువ కావచ్చు. ప్రతికూల వర్గంలోని రోగికి మందులతోనే సరిపెట్టుకోవడం ప్రమాదం కనుక, ఆరోగ్యం తట్టుకొంటే మార్పిడికి త్వరపడతారు.

మరి మార్పిడికి సిద్ధమైన వారి సంగతి? వారి విషయంలో నేడు మరింత సూక్ష్మమైన పరీక్ష వచ్చింది. సూక్ష్మదర్శినిలో జబ్బు కణం ఒక్కటైనా కనిపించని రోగి రక్తంలో కూడా ఆ జన్యుదోషపు ఆనవాలు మిగిలి ఉండవచ్చు. 2023లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం దీనిని లెక్క వేసింది. ఎఫ్‌ఎల్‌టీ3 లేక ఎన్‌పీఎం1 దోషంతో జబ్బుపడి, మందులకు జబ్బు అణగి, మార్పిడికి వచ్చిన పెద్దల రక్తాన్ని ముందుగా పరీక్షించారు. ఆనవాలు మిగిలి ఉన్న వారిలో మూడేళ్లలోగా నూటికి 68 మందికి జబ్బు తిరిగి వచ్చింది. మిగలని వారిలో 21 మందికి మాత్రమే. మూడేళ్ల తరువాత జీవించి ఉన్నవారు మొదటి గుంపులో నూటికి 39 మంది, రెండవ గుంపులో 63 మంది.

ఇక్కడ ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆనవాలును తరువాత వెదకాలంటే అసలు దోషం ఏదో మొదటే తెలిసి ఉండాలి. చికిత్స ప్రారంభించకముందే తీసిన మజ్జ నమూనాను జన్యుపరీక్షకు పంపాలి. మందులు పడిన తరువాత జబ్బు కణాలు అణగిపోతే ఆ అవకాశం చేజారవచ్చు.

రెండవ వ్రాత: తోబుట్టువుల పంపకం

ప్రతి కణంమీదా "నేను ఈ దేహానికి చెందినదానిని" అని చాటే గుర్తులుంటాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్ డౌసే 1958లో వీటిలో మొదటిదానిని వర్ణించి, 1980లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. హెచ్‌ఎల్‌ఏ అని పిలిచే ఈ గుర్తుల జన్యువులన్నీ 6వ క్రోమోజోముమీద ఒకేచోట గుమిగూడి ఉంటాయి. తండ్రి వద్దనున్న రెండు కట్టలలో ఒకటి, తల్లి వద్దనున్న రెండు కట్టలలో ఒకటి బిడ్డకు సంక్రమిస్తాయి. కాబట్టి ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరు తోబుట్టువులుంటే ఒక్కరైనా కలిసే అవకాశం నూటికి 44, ముగ్గురుంటే 58, నలుగురుంటే 68. కుటుంబాలు చిన్నవవుతున్నకొద్దీ ఇంటిలో దాత దొరకడం కష్టమవుతున్నది.

మన సీమలో మేనరికాలు తరతరాలుగా వస్తున్నవి. తల్లిదండ్రులు దగ్గర బంధువులైనప్పుడు వారి జన్యుకట్టలలో ఒకటి ఉమ్మడిది కావచ్చు. అటువంటి ఇంటిలో తల్లిగాని, తండ్రిగాని, మేనమామగాని, పినతండ్రి బిడ్డగాని పూర్తిగా కలిసిన సందర్భాలుంటాయి. మేనరికం వలన కొన్ని వంశపారంపర్య వ్యాధులు పెరుగుతాయన్నది నిజం. ఈ ఒక్క విషయంలో మాత్రం అది దాతను వెదకిపెట్టగలదు. మేనరికపు కుటుంబాలలో తోబుట్టువులతోనే ఆగక దగ్గరి బంధువులను కూడా పరీక్షించడం అందుకే.

ఇంటిలో దొరకకపోతే ప్రపంచంమీద 4 కోట్లకు పైగా స్వచ్ఛంద దాతల పేర్లు పట్టికలలో నమోదై ఉన్నాయి. కాని ఆ పట్టికలు అందరికీ సమానంగా ఉపయోగపడవు. అమెరికా పట్టికలో పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం యూరోపియన్ సంతతి శ్వేతజాతీయులకు నూటికి 75 కాగా, దక్షిణ, మధ్య అమెరికాలకు చెందిన నల్లజాతివారికి 16 మాత్రమేనని 2014లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఎవరి జాతివారు పట్టికలో ఎక్కువగా నమోదైతే వారికే దాత దొరుకుతాడు. బస్తర్ అడవులలోని కోయ, దొర్ల కుటుంబాల బిడ్డకు ఆ పట్టికలలో తనవారెందరుంటారో ఊహించుకోవచ్చు.

ఇటువంటి రోగులకు కొత్త దారి ఒకటి తెరుచుకున్నది. కన్నతండ్రి, కన్నతల్లి బిడ్డతో ఎప్పుడూ సగం కలుస్తారు. ఒకప్పుడు సగం సామ్యంతో మార్పిడి చేయడం దాదాపు మృత్యువును పిలవడమే. మార్పిడి అయిన మూడు నాలుగు రోజులకు సైక్లోఫాస్ఫమైడ్ అనే పాత, చవకైన మందును ఇస్తే, తిరగబడే దాతకణాలు నశించి మూలకణాలు నిలుస్తాయని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు చూపించారు. వారి ముఖ్య నివేదిక 2008లో వచ్చింది. నేడు మన దేశంలోనూ ఈ పద్ధతి వ్యాపించింది. అంటే పామేడు తండ్రి తానే దాత కావచ్చు. కొడుకుకు తల్లికంటె తండ్రి ఇవ్వడంలో ఒక వెసులుబాటు కూడా ఉన్నది. స్త్రీ కణాలకు వై క్రోమోజోము పరిచయం లేదు కనుక మగరోగికి స్త్రీ దాత అయినప్పుడు దాడి జరిగే అపాయం కొంత ఎక్కువ.

అయితే పూర్తిగా కలిస్తే అంతా శుభమేనా? కాదు. అచ్చంగా ఒకే జన్యువులున్న కవల నుంచి మజ్జ పుచ్చుకున్న రోగికి దాతకణాల దాడి ఉండదు. కాని జబ్బు తిరిగి రావడం ఎక్కువ. ఎందుచేత? దాతకణాలు రోగి దేహాన్ని పరాయిదిగా చూడడంతో పాటు, మిగిలిన క్యాన్సరు కణాలను కూడా పరాయివిగా గుర్తించి తుదముట్టిస్తాయి. కవల కణాలకు ఆ పరాయితనం కనిపించదు. దాడి కొంత వచ్చినవారిలో జబ్బు తిరిగి రావడం తక్కువని 1979లోనే సియాటిల్ వైద్యులు గమనించారు. కీడు చేసే శక్తి, మేలు చేసే శక్తి ఒకే కణంలో ఉన్నాయి. ఆ రెంటినీ విడదీయడం నేటికీ పూర్తిగా సాధ్యపడలేదు.

జబ్బు కణం కూడా చూస్తూ ఊరుకోదు. సగం సామ్యంతో మార్పిడి పొందిన కొందరు రోగులలో జబ్బు తిరిగి వచ్చినప్పుడు ఇటలీలోని మిలాన్ వైద్యులు ఒక విడ్డూరం చూశారు. 2009లో దానిని ప్రచురించారు. దాతతో కలవని హెచ్‌ఎల్‌ఏ గుర్తులు ఏవో, సరిగ్గా వాటినే క్యాన్సరు కణాలు తుడిపివేసుకున్నాయి. దాతకణాలకు గుర్తుపట్టడానికి ఇక ఏమీ మిగలలేదు. జన్యువ్రాత రాతిమీది శాసనం కాదు. వ్యాధి నడకలోనే అది మారుతూ ఉంటుంది.

మూడవ వ్రాత: పుట్టుకతో వచ్చినది

రోగి స్వయంగా తల్లిదండ్రుల నుంచి పొందిన ఇతర జన్యువులు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయా? ఈ ఆశతో వందలాది వ్యాసాలు వెలువడ్డాయి. 2004లో జర్మనీ పరిశోధకులు పేగులలోని సూక్ష్మక్రిములను పసిగట్టే ఎన్‌ఓడీ2 జన్యువులోని భేదాలకూ మార్పిడి అనంతర మరణాలకూ సంబంధం ఉన్నదన్నారు. ఇతరులు మంటను రేపే జన్యువులను, మందులను అరిగించే జన్యువులను, ఫోలిక్ ఆమ్లాన్ని వినియోగించే జన్యువులను ఏకరువు పెట్టారు.

తరువాత ఏమయింది? 2017లో అమెరికా పరిశోధకులు వేల సంఖ్యలో రోగులు, దాతల జన్యువులను ఒకేచోట చేర్చి, అంతకుముందు మనుగడతో సంబంధమున్నదని ప్రకటించిన భేదాలను ఒక్కొక్కటే తిరిగి పరీక్షించారు. అవి దాదాపుగా ఏవీ నిలబడలేదు. చిన్న గుంపులలో యాదృచ్ఛికంగా కనిపించినది పెద్ద గుంపులో కరగిపోయింది. ఒక జన్యుపరీక్ష కాగితం చేతికిచ్చి "మీ భవిష్యత్తు ఇదే" అని ఎవరైనా చెప్పినప్పుడు ఈ ఉదంతాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. ఒక పరిశోధన చెప్పినది మరొకచోట, మరొక జనంలో రుజువయిందా అన్నదే గీటురాయి.

వ్రాత మారదు, ఫలితం మారుతుంది

జన్యుదోషాన్ని చదివినంత మాత్రాన విధిని చదివినట్లు కాదనడానికి గొప్ప నిదర్శనాలు రెండున్నాయి.

ప్రోమైలోసైటిక్ లుకీమియా అనే రకంలో 15, 17 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. ఒకప్పుడు ఇది రోజులలో ప్రాణం తీసే భయంకర వ్యాధి. 1980లలో షాంఘై వైద్యుడు వాంగ్ జెన్‌యీ విటమిన్ ఏకు సంబంధించిన ఒక ఆమ్లంతో దీనిని లొంగదీశారు. చైనా వైద్యులే దానికి ఆర్సెనిక్, అంటే మన పాషాణం, తోడు చేశారు. నేడు సకాలంలో చికిత్స అందినవారిలో నూటికి 90 మందికి పైగా ఎక్కువమందికి మార్పిడి అవసరం లేకుండానే నయమవుతున్నది. దోషం అదే, క్రోమోజోములవే.

రెండవది ఫిలడెల్ఫియా క్రోమోజోము. దానివలన వచ్చే దీర్ఘకాలిక లుకీమియాకు ఒకప్పుడు మజ్జ మార్పిడి ఒక్కటే శాశ్వత నివారణ. 2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చింది. ఆ క్రోమోజోము పుట్టించే దుష్ట ప్రోటీనుకే అది తాళం వేస్తుంది. అసలు కంపెనీ మందు నెలకు లక్ష రూపాయలు దాటగా, 2003లో హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ అదే మందును అందులో చాలా తక్కువ ధరకు విడుదల చేసింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు విదేశీ కంపెనీకి పేటెంటు నిరాకరించడంతో ఆ చవక మందు నిలబడింది. ఎందరో రోగులు నేడు మాత్ర మింగుతూ పొలం పనులు చేసుకుంటున్నారు.

లెక్క గుంపుకు, ప్రాణం ఒకరికి

1998లో యూరపు వైద్యులు దీర్ఘకాలిక లుకీమియాకు మార్పిడి పొందిన 3 వేలమందికి పైగా రోగుల వివరాల నుంచి ఒక సులభమైన కొలమానం రూపొందించారు. రోగి వయసు, జబ్బు దశ, జబ్బు తెలిసిన తరువాత గడచిన కాలం, దాత రక్తసంబంధియా కాదా, స్త్రీ నుంచి పురుషునికా అన్న ఐదు ప్రశ్నలకు గుణాలు వేస్తారు. సున్న గుణాలు వచ్చినవారిలో ఐదేళ్లకు పదిమందికి ఏడుగురు జీవించి ఉన్నారు. అధమ వర్గంలో ఐదుగురికి ఒకరు.

ఈ ఐదు ప్రశ్నలలో జన్యువులకు సంబంధించినవి రెండే. మిగిలిన వాటిలో రెండు, జబ్బు దశ, జాప్యం, మనిషి చేతిలో ఉన్నవి. జ్వరం మొదలైన నెలకు గాక వారానికే పరీక్ష జరిగితే? చర్లకూ హైదరాబాదుకూ నడుమ ఉన్న దూరం ఏ క్రోమోజోముమీదా కనిపించదు. అయినా రోగి మనుగడను అది కూడా నిర్ణయిస్తుంది. ఈ కొలమానాలు ప్రధానంగా యూరపు, అమెరికా రోగుల అనుభవం నుంచి పుట్టినవని కూడా మరువరాదు. శుభ్రమైన నీరు, ఆసుపత్రికి దగ్గరలో ఇల్లు, మందుల సరఫరా అక్కడ ఉన్నాయనే ఊహ ఆ లెక్కలలో దాగి ఉన్నది.

అధమ వర్గంలో కూడా ఐదుగురికి ఒకరు బ్రతికారు. ఆ ఒకరు ఎవరో ఏ కొలమానమూ ముందుగా చెప్పలేదు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు, రచయిత స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో ఒక అరుదైన క్యాన్సరు వచ్చింది. గ్రంథాలయంలో వెదికితే, రోగులలో సగంమంది ఎనిమిది నెలలలో మరణిస్తారని ఉన్నది. మిగిలిన సగంమంది అంతకంటె ఎక్కువ కాలం, కొందరు చాలా ఎక్కువ కాలం బ్రతుకుతారు కదా అని ఆయన తర్కించుకున్నారు. ఆ తరువాత మరి 20 సంవత్సరాలు జీవించి 2002లో మరణించారు. ఆయనకు ధైర్యమిచ్చినది లెక్కను తిరస్కరించడం కాదు. దానిని సరిగా చదవడం.

అనువాదకుడిగా నేను ఒక మాట దగ్గర ఎప్పుడూ ఆగుతాను. వైద్యులు వాడే ప్రోగ్నోసిస్ అనే పదానికి తెలుగేమిటి? జోస్యమనలేము, అది గ్రహాలను నమ్ముతుంది. భవిష్యవాణి అనలేము, అది సందేహాన్ని ఎరగదు. మన ఆయుర్వేదంలో చక్కని విభజన ఒకటి ఉన్నది. చరక సంహిత రోగాలను సుఖసాధ్యాలు, కృచ్ఛ్రసాధ్యాలు, యాప్యాలు, అసాధ్యాలు అని వింగడించింది. సులభంగా నయమయ్యేవి, కష్టంమీద నయమయ్యేవి, నయం కాకపోయినా చికిత్సతో అదుపులో ఉండేవి, చేతికి అందనివి. చికిత్సకు పూనుకొనేముందు ఈ తేడాను తెలుసుకోవడం వైద్యుని ధర్మమని ఆ గ్రంథం బోధిస్తుంది. నేటి అనుకూల, మధ్యస్థ, ప్రతికూల వర్గాల వెనుకనున్న ఉద్దేశం కూడా అదే. పేరు పెట్టడం తీర్పు చెప్పడానికి కాదు, ఏ చికిత్స ఎంత తీవ్రంగా చేయాలో నిర్ణయించడానికి. ఆనవాలు మిగిలి ఉన్న రోగి, దేహం తట్టుకోగలిగితే, మరింత బలమైన పూర్వచికిత్సతో మేలు పొందగలడని 2020లో వెలువడిన పరిశోధన సూచించింది. ముందుగా తెలుసుకోవడంలోని సార్థకత అక్కడ ఉన్నది.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వద్దాం. "పిల్లగాడు బతుకుతడా, సారూ?"

మంచి డాక్టరు అంకెతో మొదలుపెట్టడు. అబద్ధమూ ఆడడు. ఇలా అంటాడనుకుంటాను: "ఇది గట్టి జబ్బే. ఇటువంటి జబ్బు వచ్చిన పిల్లలలో కొందరు బతుకుతున్నారు, కొందరు దక్కడం లేదు. మీవాడు ఏ వైపో ఇవాళ నేను చెప్పలేను. మజ్జ పరీక్ష వచ్చాక ఇంకాస్త తెలుస్తుంది, మొదటి మందులు పడ్డాక ఇంకాస్త తెలుస్తుంది. ఎప్పుడు తెలిస్తే అప్పుడు మీకు చెబుతాను. ఈలోగా మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. మీ రక్తం కూడా పరీక్షకు ఇవ్వండి."

తండ్రి చొక్కా చేయి పైకి మడిచి, బల్లమీద చేయి చాపుతాడు.